కణుపుల లెక్క

గాజుపాత్రలో వేలాడుతున్న పేగుముక్క మళ్ళీ కదలలేదు.

చిటికెనవేలంత ముక్క. ఎలుకది. గోరువెచ్చని ఉప్పునీటిలో ఉంచి ప్రాణవాయువు బుడగలు పంపుతూ ఉంటే అది తనంతట తానే వానపాములా ముడుచుకుంటుంది, సాగుతుంది. తన చుట్టూ శరీరం లేదని దానికి తెలియదు. బుడగలు నలభై నిమిషాలు ఆపి తిరిగి పంపుతాం. ఆపినప్పుడు అది చావదు. ఊపిరి తిరిగి వచ్చినప్పుడే చస్తుంది. ఊపిరి లేక మాడి ఉన్న కణాల మీదికి ప్రాణవాయువు ఒక్కసారిగా వచ్చి పడి వాటిని కాల్చేస్తుంది. ఆ కాల్పును ఆపడమే మా మందు పని. ఏప్రిల్‌లో మందు కలిపిన ముక్కల్లో నూటికి తొంభై మళ్ళీ కదిలాయి. జూన్‌లో డెబ్బై నాలుగు. సెప్టెంబరులో ఈ సోమవారం ముప్ఫై ఎనిమిది.

గురువారం మా తమ్ముడి ఆపరేషన్.

నేను లేచి చేతులు కడుక్కున్నాను. కూర్చున్నాను. కడుక్కోలేదేమో అనిపించి మళ్ళీ లేచాను.

ఫణి రావులపాలెం అరటి మార్కెట్‌లో వేలంపాట పాడేవాడు. వాడి గొంతు వింటే గెల ధర పది రూపాయలు పెరుగుతుందని చెప్పుకునేవారు. ఇప్పుడు వాడి పేగులకు రక్తం తీసుకెళ్ళే ధమని మూడువంతులు పూడిపోయింది. తిన్నప్పుడు పేగు రక్తం అడుగుతుంది. అంత రక్తం రాదు. అందుకని తిన్న పావుగంటకు కడుపును రెండు చేతులతో పట్టుకుని వంగిపోతాడు. ఏడాదిలో పద్దెనిమిది కిలోలు తగ్గాడు. తిండి అంటే భయం పట్టుకుంది. సర్జన్ ఆ ధమనిని యాభై నిమిషాలు బిగించి, పూడిక తీసి, వదలాలి. వదిలాక ఏమవుతుందో నాకు పాత్రలో కనిపిస్తూనే ఉంది.

మా మందు సీసాలో తయారయ్యేది కాదు. మనిషి ఒంట్లో తయారవుతుంది. రెండు చేతులకూ బీపీ పట్టీల్లాంటివి బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపుతాం. ఐదు నిమిషాలు వదులుతాం. అలా నాలుగు విడతలు. చేతులు ఆకలితో కేకపెడితే ఒళ్ళంతా జాగ్రత్తపడుతుంది, రక్తంలోకి ఏదో రక్షణ వదులుతుంది. ఆ రక్తం తీసి, ఎర్రకణాలు వేరుచేసి, పైన తేరిన పచ్చని నీటిని ఇంకొకరికి ఎక్కిస్తే వాళ్ళ పేగుకు ఆ జాగ్రత్త అందుతుంది. పది రోజులు దాటితే పనికిరాదు. ముప్ఫై ఒక్కమంది వచ్చి చేతులు చాపారు. చెప్పుకోదగ్గంత రక్షణ వచ్చింది ఒక్క మనిషి ఒంట్లోనే.

ఆయన తాతబ్బాయి. గోదావరి కాలువ మీద ముప్ఫై నాలుగేళ్ళు లస్కరుగా పనిచేసి, లాకు తలుపులు ఎత్తుతూ దించుతూ రిటైరైన మనిషి. మొదటిరోజు నేను పేగు సంగతి చెబుతుంటే మధ్యలోనే తలూపాడు.

"తెలిసిందండి. మా కాలవలూ అంతేనండి. ఏసవిలో కట్టేస్తాం కదండి, గట్లు బీటలిచ్చేస్తాయి. జూన్‌లో వదిలేటప్పుడు కొత్తగా వచ్చినోడు షట్టరు మొత్తం లేపేస్తాడండి, రైతులు అరుస్తున్నారని. నీళ్ళొచ్చిన సంబరం అరగంటేనండి. గట్టు జారి కాలవలో కూచుంటది."

"మరి మీరేం చేసేవాళ్ళు?"

"బెత్తెడు లేపి, చుట్ట ముట్టించి కూచునేవాణ్ణండి. తిట్టేవోళ్ళు తిట్టేవోరు."

నేను ఆరోజు చాలాకాలం తర్వాత నవ్వాను. పట్టీలు బిగించే ముందు ఆయన నావైపు తిరిగి, "ఇది ఇప్పడం నా చేతుల్లో ఉండదు కదండి" అన్నాడు. రెండు చేతులూ బల్లలకు కట్టేసి ఉంటాయి. విప్పాల్సింది యంత్రమే, దాని పక్కన కూర్చునే నేనే. "ఐదు నిమిషాలు. ఒక్క క్షణం దాటదు. పది దాటితే నరాలకు మంచిది కాదు. నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. ఆ మాట కాగితం మీద కూడా ఉంది. ఆయన వేలిముద్ర వేయలేదు, గుండ్రని అక్షరాలతో సంతకం పెట్టాడు.

మే నెలలో ఆయన ల్యాబుకు తాటిముంజలు తెచ్చాడు. నేను కాఫీలో చక్కెర ఆయనకు ఎంత కావాలో నేర్చుకున్నాను. జూన్‌కల్లా ఆయన నన్ను "హైమమ్మా" అనేవాడు. నేను "బాబాయ్" అనేదాన్ని. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. ఎవరితోనూ అంత తొందరగా కలిసే మనిషిని కాను. ఇంట్లో నా పళ్ళెం ఒక్కటే ఉండే ఏళ్ళు చాలా గడిచాయి. అందుకేనేమో ఆ పిలుపు నోట్లో బెల్లంముక్కలా పెట్టుకుని తిరిగాను.

*

సోమవారం సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఫణి టీవీలో వంటల కార్యక్రమం చూస్తున్నాడు.

"అక్కా, వీడు గుత్తొంకాయలో కొబ్బరి వేస్తున్నాడు. వీణ్ణి ఏం చేసినా పాపం లేదు."

"తిన్నావా?"

"రెండు చెంచాల జావ. గంట పట్టింది. చెంచా చూస్తేనే చెమట పడుతోంది." వాడి మణికట్టు మీద వాచీ మోచేతిదాకా జారింది. "నీ మందు సిద్ధమేనా?"

"ఆఁ."

"ఆ 'ఆఁ' నాకు తెలుసు. లాకు దిగువన నాకు ఈత నేర్పినప్పుడు 'పట్టుకున్నావా' అంటే ఇలాగే అన్నావు. చూస్తే నీ చెయ్యి లేదు."

"వదిలాను కాబట్టే నీకు ఈత వచ్చింది."

వాడు నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు.

ముప్ఫై ఐదేళ్ళుగా చెబుతున్న మాట అది. కావాలనే వదిలానని. నిజానికి ఆరోజు నా చెయ్యి జారింది. వాడు నీళ్ళు మింగుతూ పైకీ కిందికీ పోతుంటే నేను గట్టున బిగుసుకుపోయి నిలబడ్డాను. వాడే ఎలాగో కాళ్ళు కొట్టుకుని ఒడ్డుకు వచ్చాడు. అమ్మ అడిగితే, నేర్పడానికే వదిలానన్నాను. ఆ మాట అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది.

*

మంగళవారం అంతా తప్పు వెతికాను. సెంట్రిఫ్యూజ్ వేగం సరిగానే ఉంది. ఫ్రీజరు సరిగానే ఉంది. బాబాయ్ వేసుకునే బీపీ మాత్రలు మారలేదు. ఐదు నెలల అంకెలన్నీ ఒక గీతగా గీశాను. గీత మెట్లు దిగుతున్న ముసలిమనిషిలా దిగుతోంది. మధ్యలో ఒకేచోట, జులై పద్దెనిమిదిన, ఉలిక్కిపడి పైకి లేచింది. ఆరోజు కరెంటు పోయి వాల్వు తెరుచుకోవడం నలభై సెకన్లు ఆలస్యమైంది. నా రిజిస్టరులో రాసి ఉంది.

నలభై సెకన్లలో ఒంట్లో అంత తేడా రాదు.

విడతలన్నీ కెమెరాలో రికార్డు చేస్తాం, చర్మం రంగు మారడం చూడడానికి. అందుకని అందులో ముఖం ఉండదు. బల్లల మీద వెల్లకిలా రెండు అరచేతులే ఉంటాయి. ఏప్రిల్ మొదటి రికార్డు పెట్టాను. పట్టీ బిగిసింది. అరచేతులు పాలిపోయాయి. కుడిచేతి బొటనవేలు కదులుతోంది. చూపుడువేలి మొదటి కణుపు, రెండోది, మూడోది. తర్వాత నడిమివేలు. వేలికి మూడు, చేతికి పన్నెండు. చిటికెనవేలి చివర దాటి మళ్ళీ చూపుడువేలికి. నేను కూడా లెక్కపెట్టాను. సరిగ్గా పాతిక చుట్లు తిరిగేసరికి పట్టీ వదిలింది. మూడువందల సెకన్లు. నాలుగు విడతలూ అంతే. నా మాట నమ్మక, ఆయన తన వేళ్ళతో నన్ను కాపలా కాశాడు.

మే రికార్డులో బొటనవేలు పది చుట్లు తిరిగి ఆగింది. జూన్‌లో నాలుగు. జులై పద్దెనిమిదిన ముందు కదల్లేదు; కరెంటు పోగానే ఒక్కసారిగా మొదలై పరుగులు పెట్టింది. ఆగస్టులో అరచేతులు తెరుచుకుని ఉన్నాయి, నిద్రలో పిల్లల చేతుల్లా. నిన్నటి రికార్డులో సన్నని గురక వినిపించింది.

నేను రికార్డు ఆపి, గోడ చూస్తూ కూర్చున్నాను.

చేతులకు రక్తం ఆగడం ఒక్కటే చాలదు. అది మళ్ళీ వస్తుందో రాదో తెలియకూడదు. వస్తుందని నమ్మిన శరీరం ఎందుకు జాగ్రత్తపడుతుంది? ఐదు నిమిషాలు ఓపికపట్టి గురకపెడుతుంది. మిగిలిన ముప్ఫైమంది ఒళ్ళు మొదటినుంచీ నమ్మాయి. డాక్టరు, తెల్లకోటు, కాగితం చూసి నమ్మాయి. నీళ్ళను, తలుపులను, పై అధికారులను ముప్ఫై నాలుగేళ్ళు అనుమానించిన మనిషి ఒక్కడే నమ్మలేదు. అతన్ని మేము నమ్మించాం. కాఫీ ఇచ్చి, ముంజలు తిని, బాబాయిని చేసుకున్నాం. మందు అక్కడ చెడింది.

ఆయనకు ఈ సంగతి చెప్పవచ్చు. "ఈసారి ఎప్పుడు వదులుతానో చెప్పను, భయపడండి బాబాయ్" అనవచ్చు. ఆయన నవ్వి, కళ్ళు మూసుకుని, నేను వదులుతాననే నమ్మకంతో భయపడడానికి ప్రయత్నిస్తాడు. ఆ ప్రయత్నం వల్ల ఏమీ రాదు.

ఆపరేషన్ వాయిదా వేయమని సర్జన్‌కు ఫోన్ చేశాను.

"వాయిదా వేయడానికి అక్కడ మిగిలింది వెంట్రుకంత దారి హైమావతిగారూ. ఈ వారం మూసుకుపోతే నేను ఆపరేషన్ చేసేది బతికున్న పేగుకు కాదు" అన్నాడాయన.

మందు కోసం ఎదురుచూస్తున్న పన్నెండుమంది జాబితాలో మొదటి పేరు నా తమ్ముడిది కావడం నా తప్పు కాదు. నంబర్ల ప్రకారం వచ్చింది. ఆ మాట ఆరోజు నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

*

బుధవారం తొమ్మిదింటికి బాబాయ్ వచ్చాడు. నలిగిన తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు.

"ఏం హైమమ్మా, మొఖం అలా పీక్కుపోయింది? తమ్ముడిగారికేం కాదు. నా రక్తం తాగి గెలలు అమ్ముకుంటాడు చూడు."

"కూర్చోండి బాబాయ్."

మొదటి మూడు విడతలూ మామూలుగా జరిగాయి. మూడోదానికి వాలుకుర్చీలో నిద్రపోయాడు. నాలుగోదానికి ముందు, యంత్రం వెనక వాల్వు కింద చేత్తో తిప్పే చిన్న మరను నేను మూసేశాను. అది మూస్తే యంత్రం వదలమన్నా గాలి పోదు. నా వీపు ఆయన వైపు ఉంది. మర తిప్పడానికి రెండు వేళ్ళు చాలు. నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.

ఐదు నిమిషాలయింది. యంత్రం కూసింది. పట్టీ వదల్లేదు.

ఆయన కళ్ళు తెరిచాడు. "అమ్మాయ్, వదల్లేదే."

"చూస్తున్నాను బాబాయ్. జామైనట్టుంది."

స్క్రూడ్రైవరు తీసుకుని అక్కరలేని చోట తిప్పాను. ఆరు నిమిషాలు. అరచేతులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. బొటనవేలు కదలడం మొదలైంది.

"హైమమ్మా, కరెంటు తీసేయ్ ఓపాలి."

"తీస్తే ఇంకా బిగుస్తుంది." అబద్ధాలు ఇంత తేలిగ్గా వస్తాయని నాకు తెలియదు. "ఒక్క నిమిషం."

"చేతులు నావి కావన్నట్టుందమ్మా. ఎవర్నైనా పిలువు."

"పిలిచాను. వస్తున్నారు."

ఎవరినీ పిలవలేదు. ఎనిమిది. ఆయన నుదుటి మీద చెమట చెవిలోకి జారుతోంది, తుడుచుకోవడానికి చేతుల్లేవు. తువ్వాలు తీసి నేను తుడవబోతే తల పక్కకు తిప్పుకున్నాడు. తొమ్మిదో నిమిషంలో నన్ను పిలవడం మానేశాడు. నావైపు చూశాడు. అరిచి ఉంటే బాగుండేది. నేను గడియారం చూశాను, మర చూశాను, గడియారం చూశాను. పది చాలు. పది చాలుననే నా వేళ్ళు మర మీద పెట్టాను. పేగుముక్క కదలకపోవడం గుర్తొచ్చింది. ఇంకో నిమిషం ఆగాను. ఆ నిమిషం నా జీవితంలో దేనికీ చెందదు. దాని పక్కన పెట్టడానికి ఇంకేమీ లేదు.

పదకొండుకు వదిలాను. గాలి పొడుగ్గా ఈలవేస్తూ పోయింది.

"దిక్కుమాలిన యంత్రం" అన్నాను. "క్షమించండి బాబాయ్."

"పరవాలేదండి" అన్నాడు.

ఆ 'అండి' నాకు వినిపించింది. రక్తం తీస్తున్నంతసేపూ వినిపిస్తూనే ఉంది.

చిన్నప్పుడు చెయ్యి జారితే కావాలనే వదిలానని చెప్పాను. ఇప్పుడు కావాలనే పట్టి ఉంచి జామైందని చెప్పాను. రెండుసార్లూ నా మాటే నెగ్గింది.

మధ్యాహ్నం మూడింటికి పాత్రల్లో ముక్కలు కదిలాయి. నూటికి తొంభై ఆరు. ఏ ఒంట్లోనూ, ఏ రోజూ అంత రాలేదు. నేను కుర్చీలో కూర్చుని పళ్ళు బిగించి నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద ఎలా ఉందో చూడాలని లేక, గాజుపాత్ర మీదినుంచి చూపు తిప్పుకున్నాను.

*

గురువారం మధ్యాహ్నం సర్జన్ థియేటరు బయటికి వచ్చి మాస్కు కిందికి లాగాడు.

"నల్లబడిన పేగు, ధమని వదిలిన రెండో నిమిషంలో గులాబీరంగుకు వచ్చింది. ఐదో నిమిషంలో కదిలింది. ఇరవై ఏళ్ళలో అలా చూడలేదు. ఎవరిదండీ ఆ రక్తం?"



ఆదివారం ఫణికి అర ఇడ్లీ ఇచ్చారు. తిని, వాచీ విప్పి దుప్పటి మీద పెట్టుకుని, నొప్పి కోసం ఎదురుచూశాడు. పదిహేను నిమిషాలు. ఇరవై. పిడికిళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, వస్తుందని వస్తుందని. అరగంటకు కళ్ళు తెరిచి నావైపు చూశాడు.

"రాలేదక్కా."

"ఇక రాదు."

"అదేంటో, ఇంకా భయంగానే ఉంది." కాసేపటికి వాడి గొంతులో పాత మార్కెట్ కాస్త వినిపించింది. "ఆ మనిషికి ఒక గెల పంపాలి. మంచి చక్కెరకేళి. ఎవరక్కా ఆయన?"

"కాలువల దగ్గర పనిచేసినాయన."

"అయితే మనవాడే."

నేను కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

*

సోమవారం ఎనిమిదిన్నరకే ల్యాబులో ఉన్నాను. వస్తే ఏం చెప్పాలో తెలియదు. రాకపోతే ఏం చేయాలో అంతకంటే తెలియదు. తలుపు చప్పుడైన ప్రతిసారీ లేచాను. సరిగ్గా తొమ్మిదింటికి తాతబ్బాయి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, తువ్వాలు కుడిచేత్తో తీయబోయి, ఎడమచేత్తో తీశాడు.

"ఈరోజు పట్టీ వద్దు. మీతో ఒక మాట చెప్పాలి."

"యంత్రం సంగతేనా అండి?" నిలబడే అడిగాడు. "అది జామవలేదండి."

నేను యంత్రం వైపు చూశాను.

"వాల్వు జామైతే కొట్టుకుంటదండి. తెరుచుకోడానికి చూసి, టకటకమని. లాకు తలుపైనా అంతే, ఇంత చిన్నదైనా అంతే. ఆయాల ఊరుకుంది. ఎవరన్నా మూసిందే అలా ఊరుకుంటదండి."

"అప్పుడే తెలిస్తే ఎందుకని అడగలేదు?"

"అడిగితే మీరు అబద్ధం చెప్తారనిపించిందండి. మీ చేత ఇంకోటి ఆడించడం ఎందుకూ అని."

నిలబడే చెప్పాను. గీత, రికార్డులు, బొటనవేలు, గురక, తొంభై ఆరు. ఆయన వింటూ కుడిచేతి చివరి రెండు వేళ్ళను ఎడమచేత్తో నలుపుకుంటున్నాడు.

"ఏమైంది?"

"మొద్దుబారాయండి. నిన్న గాలానికి దారం కడుతుంటే తెలిసింది."

నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానన్నాను. జరిగింది రాసి ఇస్తానన్నాను, పైవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్తానన్నాను. ఆయన వాటన్నిటినీ ఒక తల ఊపుతో పక్కన పెట్టాడు.

"తమ్ముడుగారు?"

"ఇడ్లీ తిన్నాడు."

"నొప్పి?"

"రాలేదు."

"అయితే సరే. ముందే చెప్పుంటే అరగంటైనా బిగించుకోనిచ్చేవాణ్ణి కదండి."

"చెప్తే ఆ మందు రాదు, బాబాయ్."

ఆయన మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే నేను దాన్ని పట్టుకుని వేలాడేదాన్ని.

"ఆ పిలుపు మానేయండి మేడంగారూ. మందు పాడవుద్ది."

తువ్వాలు మడిచి కుర్చీ వీపు మీద వేశాడు. కూర్చున్నాడు.

"వద్దు" అన్నాను. "ఇక ఎవరూ మిమ్మల్ని అడగరు."

"పదకొండుమంది ఉన్నారన్నారు కదండి."

"ఉన్నారు."

"మరి ఇప్పుడు నా ఒంట్లో వస్తది కదండి. బాగా వస్తది." చేతులు రెండూ బల్లల మీద వెల్లకిలా పెట్టాడు. "ఎంతసేపో నాకు చెప్పకండి. చెప్పినా నేను నమ్మనులెండి."

నేను పట్టీలు చుట్టాను. నా వేళ్ళు ఆయన చర్మానికి తగలకుండా చుట్టడానికి చూశాను. వెనక్కి వెళ్ళి, మర పూర్తిగా తెరిచి ఉందో లేదో చూశాను. మళ్ళీ చూశాను. ఐదు నిమిషాలే పెట్టాను. యంత్రం గాలి పీల్చుకుంది. అరచేతులు మెల్లగా పాలిపోయాయి.

కుడిచేతి బొటనవేలు కదిలింది. చూపుడువేలి మొదటి కణుపు, రెండోది, మూడోది. నడిమివేలు. ఉంగరపువేలి దగ్గర తడబడింది. అక్కడ ఏ కణుపు మీద ఉందో దానికి తెలియడం లేదు. వెతికింది. చిటికెనవేలి మీద జారింది. ఆగింది. లెక్క పోయింది. మళ్ళీ చూపుడువేలికి వెళ్ళి ఒకటి నుంచి మొదలుపెట్టింది.

గడియారం నా ఎదురుగానే ఉంది. అయినా నా బొటనవేలు నా కణుపుల మీద తిరుగుతోంది, ఆయన పోగొట్టుకున్న చోటునుంచి.

ఆయన చూపు పైకప్పు మీద లేదు. నా చేతి మీద ఉంది.